బేస్ గిటార్ యాంప్లిఫయర్ ఎంపిక

బేస్ గిటార్ యాంప్లిఫయర్ అనగా బేస్ గిటార్ తీగల కంపనం వలన పికప్‌లో పుట్టే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని పెంచి, స్పీకరు ద్వారా ధ్వనిగా మార్చే పరికరము. సినిమా పాటల వాద్యబృందాలు, పెళ్ళిళ్ళలో పాడే ఆర్కెస్ట్రాలు, చర్చి గాయక బృందాలు, కళాశాల విద్యార్థుల బ్యాండ్లు దీనిని వాడుతాయి. ధ్వనిలో కాని, ధరలో కాని, బరువులో కాని ఈ పరికరాల మధ్య వ్యత్యాసం చాలా ఎక్కువ. కనుక కొనేముందు వాట్లు, ఓమ్‌లు, స్పీకరు పరిమాణం వంటి అంకెల అర్థం తెలుసుకోవడం అవసరం. పాతది కొనేవారికి ఈ పరిజ్ఞానం మరింత ముఖ్యం. ఓమ్‌లు కుదరని జోడింపు పరికరాన్ని పాడుచేస్తుంది, ఎర్తింగ్ లేని పరికరం ప్రాణాపాయం కలిగిస్తుంది.

చరిత్ర

అమెరికాకు చెందిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అనే విద్యుత్ బేస్ గిటారును విడుదల చేశాడు. దాని కోసమే 1952లో ఫెండర్ సంస్థ బేస్‌మ్యాన్ అనే యాంప్లిఫయర్‌ను తయారుచేసింది. మొదట దీనిలో 15 అంగుళాల స్పీకరు ఒక్కటే ఉండేది. 1950ల మధ్యలో దాని స్థానంలో 10 అంగుళాల స్పీకర్లు నాలుగు వచ్చాయి. విచిత్రమేమంటే ఈ నమూనా బేస్ వాద్యకారుల కంటే గిటారు వాద్యకారులకు ఎక్కువ నచ్చింది. 1960ల తొలినాళ్ళలో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో రూపొందిన మొదటి మార్షల్ యాంప్లిఫయర్‌కు బేస్‌మ్యాన్ సర్క్యూటే ఆధారం.

ఎవరెట్ హల్ స్థాపించిన ఆంపెగ్ సంస్థ 1960లో పోర్టాఫ్లెక్స్ బి-15 అనే నమూనాను తెచ్చింది. చిన్న వేదికలలోను, రికార్డింగ్ స్టూడియోలలోను ఇది బాగా వాడుకలోకి వచ్చింది. రాక్ సంగీత కచేరీలు పెద్ద మైదానాలకు విస్తరించడంతో ఎక్కువ సామర్థ్యం కావలసివచ్చింది. ఆంపెగ్ సంస్థ 1969లో 300 వాట్ల ఎస్.వి.టి. యాంప్లిఫయర్‌ను తయారుచేసింది. రోలింగ్ స్టోన్స్ బృందం అదే సంవత్సరం తమ అమెరికా పర్యటనలో దీనిని ఉపయోగించింది. 1960ల చివర ట్రాన్సిస్టర్లతో పనిచేసే అకౌస్టిక్ 360 వచ్చింది. ప్రఖ్యాత జాజ్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ దీనినే వాడేవాడు.

మంద్రస్వరాలకు వేరే పరికరం ఎందుకు?

నాలుగు తీగల బేస్ గిటారులో అన్నిటికంటే లావైన 'ఇ' తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది, అనగా దాని పౌనఃపున్యం 41 హెర్ట్జ్‌లు. ఐదు తీగల గిటారులో ఉండే 'బి' తీగ పౌనఃపున్యం ఇంకా తక్కువ, సుమారు 31 హెర్ట్జ్‌లు. సాధారణ గిటారులోని లావుపాటి తీగ పౌనఃపున్యం 82 హెర్ట్జ్‌లు. 41 హెర్ట్జ్‌ల ధ్వనికి గాలిలో తరంగదైర్ఘ్యం 8 మీటర్లకు పైగా ఉంటుంది.

ఇంత నెమ్మదైన కంపనాన్ని గట్టిగా వినిపించాలంటే స్పీకరు శంకువు ముందుకు వెనుకకు ఎక్కువ దూరం కదిలి, ఎక్కువ గాలిని నెట్టాలి. పైగా మానవుని చెవి మంద్రస్వరాలను అంత తేలికగా గ్రహించదు. ఫ్లెచర్, మన్సన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు 1933లో ప్రచురించిన సమాన వినికిడి రేఖలు ఈ విషయాన్ని వెల్లడించాయి. గిటారు, బేస్ ఒకే స్థాయిలో వినిపించాలంటే బేస్‌కు కొన్ని రెట్లు ఎక్కువ సామర్థ్యం కావలసిరావడానికి కారణం ఇదే.

బేస్ గిటారును సాధారణ గిటారు యాంప్లిఫయర్‌కు తగిలించి తక్కువ శబ్దంతో సాధన చేస్తే సాధారణంగా నష్టం ఉండదు. శబ్దం పెంచితే మాత్రం స్పీకరు శంకువు దాని హద్దు దాటి కదిలి చిరిగిపోవచ్చు.

రకాలు

నిర్మాణాన్ని బట్టి ఇవి రెండు రకాలు. యాంప్లిఫయర్, స్పీకరు ఒకే పెట్టెలో ఉంటే దానిని 'కాంబో' అంటారు. యాంప్లిఫయర్ వేరుగా, స్పీకర్ల పెట్టె వేరుగా ఉంటే మొదటిదానిని 'హెడ్' అని, రెండవదానిని 'క్యాబినెట్' అని అంటారు. కాంబో కొనడం, మోయడం తేలిక. హెడ్, క్యాబినెట్ విడిగా ఉంటే ఒకటి పాడయినప్పుడు దానిని మాత్రమే మార్చుకోవచ్చు.

లోపలి సాంకేతికతను బట్టి మూడు రకాలు.

వాల్వు రకం: పాతకాలపు రేడియోలలో ఉండేటటువంటి గాజు వాల్వులతో పనిచేస్తుంది. శబ్దం హద్దుకు చేరినపుడు ధ్వని మృదువుగా ఒరుసుకుపోవడం దీని ప్రత్యేకత. బరువు ఎక్కువ. వాల్వులు అరిగినప్పుడల్లా మార్చవలసి ఉంటుంది.

ట్రాన్సిస్టరు రకం: నమ్మకమైనది, నిర్వహణ ఖర్చు తక్కువ. పాత నమూనాలలో పెద్ద ట్రాన్స్‌ఫార్మరు వలన బరువు ఎక్కువగా ఉంటుంది.

క్లాస్-డి రకం: దీనిలో ట్రాన్సిస్టర్లు సెకనుకు లక్షల సార్లు పూర్తిగా తెరుచుకుంటూ మూసుకుంటూ పనిచేస్తాయి. అందువలన వేడి రూపంలో వృథా అయ్యే శక్తి తక్కువ. కొన్ని వందల వాట్ల హెడ్ కూడా రెండు మూడు కిలోల బరువు మాత్రమే ఉండడం ఈ పద్ధతి వలన సాధ్యమయింది. పాత ఎస్.వి.టి. హెడ్ బరువు 35 కిలోలకు పైమాటే. ఆటోలోనో, ద్విచక్ర వాహనం మీదనో పరికరాలు తీసుకువెళ్ళే వాద్యకారునికి ఈ తేడా చిన్నది కాదు.

ఎన్ని వాట్లు కావాలి?

వాట్లు రెట్టింపు అయితే శబ్దం రెట్టింపు కాదు. సామర్థ్యం రెట్టింపు అయిన ప్రతిసారి శబ్దస్థాయి 3 డెసిబెల్‌లు మాత్రమే పెరుగుతుంది. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్‌లు పెరగాలి, అనగా పది రెట్ల సామర్థ్యం కావాలి. కనుక 200 వాట్ల యాంప్లిఫయర్ బదులు 250 వాట్లది కొనడానికి ఎక్కువ ధర పెట్టడం వలన ప్రయోజనం దాదాపు శూన్యం.

వాట్ల కంటే స్పీకరు సున్నితత్వం ముఖ్యం. ఒక వాటు ఇచ్చినపుడు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌ల శబ్దం వస్తుందో తెలిపే అంకె ఇది. 100 డెసిబెల్‌ల సున్నితత్వం ఉన్న క్యాబినెట్‌కు 100 వాట్లు ఇస్తే వచ్చే శబ్దం, 94 డెసిబెల్‌ల క్యాబినెట్‌కు 400 వాట్లు ఇచ్చినపుడు వచ్చే శబ్దంతో సమానం. రెండింటిలోను లెక్క 120 డెసిబెల్‌లకే చేరుతుంది.

ప్రకటనలలోని అంకెలను జాగ్రత్తగా చదవాలి. నిరంతరంగా ఇవ్వగల సామర్థ్యాన్ని 'ఆర్.ఎం.ఎస్.' అని సూచిస్తారు. క్షణకాలం మాత్రమే ఇవ్వగలిగేది 'పీక్'. చౌక స్పీకర్ల పెట్టెలపై కనిపించే 'పి.ఎం.పి.ఓ.' అనే అంకెకు నిర్దిష్టమైన ప్రమాణమేదీ లేదు. పోల్చడానికి ఆర్.ఎం.ఎస్. ఒక్కటే పనికివస్తుంది.

స్థూలంగా ఈ క్రింది అంచనాలను పాటించవచ్చు.
- ఇంట్లో సాధనకు: 15 నుండి 50 వాట్లు.
- డ్రమ్స్‌తో కలిసి సాధనకు, చిన్న హాలుకు: 100 నుండి 300 వాట్లు.
- పెద్ద హాలు లేదా ఆరుబయట వేదికకు: 300 నుండి 500 వాట్లు, ఆపైన.

వేదికపై మైకుసెట్టు ఉండి, బేస్ ధ్వనిని మిక్సరు ద్వారా శ్రోతలకు పంపే ఏర్పాటు ఉంటే యాంప్లిఫయర్ పని వాద్యకారునికి, అతని పక్కవారికి వినిపించడం వరకే. అటువంటప్పుడు పెద్ద యాంప్లిఫయర్ అవసరం లేదు.

స్పీకర్ల పరిమాణం, సంఖ్య

పెద్ద స్పీకరు లోతైన ధ్వనిని, చిన్న స్పీకరు చురుకైన ధ్వనిని ఇస్తుందనే అభిప్రాయం వాద్యకారులలో ఉన్నది. ఇది కొంతవరకే నిజం. వృత్త వైశాల్యం వ్యాసం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 15 అంగుళాల స్పీకరు ఒకటి ఉంటే 15×15 = 225 భాగాలు, 10 అంగుళాలవి రెండు ఉంటే 2×100 = 200 భాగాలు, నాలుగు ఉంటే 400 భాగాలు అవుతాయి. అనగా నాలుగు 10 అంగుళాల స్పీకర్లకు ఒక 15 అంగుళాల స్పీకరు కంటే దాదాపు రెట్టింపు వైశాల్యం ఉన్నది. వైశాల్యంతోపాటు శంకువు ఎంత దూరం కదలగలదు, పెట్టె ఘనపరిమాణం ఎంత, గాలి రంధ్రం ఎలా అమర్చారు అనేవి కూడా ధ్వని లోతును నిర్ణయిస్తాయి. ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్ 1961లోను, తరువాత 1970లలో రిచర్డ్ స్మాల్ ఈ సంబంధాలను గణితబద్ధం చేశారు.

చిన్న పెట్టె, లోతైన మంద్రం, ఎక్కువ సున్నితత్వం అనే మూడు గుణాలు ఒకేసారి దొరకవు. ఏ రెండు కోరుకున్నా మూడవదానిని వదులుకోవలసి ఉంటుంది. దీనిని హాఫ్‌మన్ నియమం అంటారు. చిన్న పెట్టె చూపించి మూడూ ఉన్నాయని చెప్పే ప్రకటనను నమ్మరాదు.

బేస్ ధ్వనికి 41 హెర్ట్జ్‌ల మూలస్వరం పూర్తిగా వినిపించవలసిన అవసరం కూడా లేదు. 10 అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉండే ప్రసిద్ధ ఆంపెగ్ క్యాబినెట్‌లో సుమారు 58 హెర్ట్జ్‌ల వద్దనే ధ్వని తగ్గడం మొదలవుతుంది. 'ఇ' తీగ అనుస్వరాలు 82, 123 హెర్ట్జ్‌ల వద్ద బలంగా ఉండడం వలన మెదడు మూలస్వరాన్ని పోల్చుకోగలుగుతుంది.

ఓమ్‌ల లెక్క

ప్రతి స్పీకరు క్యాబినెట్‌కు అవరోధం ఉంటుంది. ఇది సాధారణంగా 8 లేదా 4 ఓమ్‌లు. ప్రతి యాంప్లిఫయర్‌పైన అది భరించగల కనీస అవరోధం రాసి ఉంటుంది. రెండు క్యాబినెట్లను తగిలించినపుడు అవి సాధారణంగా సమాంతర సంధానంలో ఉంటాయి. అందుచేత మొత్తం అవరోధం తగ్గుతుంది.
- 8 ఓమ్‌లవి రెండు: 4 ఓమ్‌లు.
- 8 ఓమ్‌లది ఒకటి, 4 ఓమ్‌లది ఒకటి: సుమారు 2.7 ఓమ్‌లు.
- 4 ఓమ్‌లవి రెండు: 2 ఓమ్‌లు.

కనీసం 4 ఓమ్‌లు అని రాసి ఉన్న యాంప్లిఫయర్‌కు ఈ మూడింటిలో మొదటి జోడింపు మాత్రమే పనికివస్తుంది. మిగిలిన రెండింటిలో విద్యుత్ ప్రవాహం హద్దు మించి పరికరం వేడెక్కుతుంది. రక్షణ సర్క్యూటు ఉంటే ఆగిపోతుంది, లేకపోతే కాలిపోతుంది. మున్ముందు రెండవ క్యాబినెట్ కొనే ఉద్దేశం ఉన్నవారు మొదటిదానిని 8 ఓమ్‌లదిగా ఎంచుకోవడం మేలు.

ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్‌ను స్పీకరు లేకుండా ఆన్ చేస్తే సాధారణంగా ప్రమాదం లేదు. వాల్వు యాంప్లిఫయర్‌ను మాత్రం స్పీకరు తగిలించకుండా ఎన్నడూ వాయించరాదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయే అవకాశం ఉన్నది. హెడ్‌కు, క్యాబినెట్‌కు మధ్య స్పీకరు తీగనే వాడాలి. చూడడానికి ఒకేలా ఉన్నా గిటారు తీగ సన్నని వాహకం కలది, అది ఈ ప్రవాహాన్ని భరించలేదు.

ఇతర సదుపాయాలు

మిక్సరుకు నేరుగా సంకేతం పంపే 'డి.ఐ.' అవుట్‌పుట్ వేదికలపై వాయించేవారికి తప్పనిసరి. అపార్టుమెంటులలో సాధన చేసేవారికి హెడ్‌ఫోను సదుపాయం, పాట వింటూ వాయించడానికి అదనపు ఇన్‌పుట్ ఉపయోగపడతాయి. బ్యాటరీతో పనిచేసే గిటారు సంకేతం బలంగా ఉంటుంది కాబట్టి దానికి వేరే ఇన్‌పుట్ లేదా తగ్గింపు మీట ఉండాలి. మంద్ర, మధ్య, తార స్థాయిలకు విడివిడి మీటలు ఉండడం కనీస అవసరం. గదిలో ధ్వని బురదగా వినిపించినపుడు మంద్రాన్ని కొద్దిగా తగ్గించి మధ్యస్థాయిని పెంచితే స్పష్టత వస్తుంది.

కొత్తదా, పాతదా?

కొత్త పరికరానికి వారంటీ, విడిభాగాల లభ్యత, స్థానిక విద్యుత్తుకు అనుకూలత ఉంటాయి. పాతదానిలో అదే సొమ్ముకు పెద్ద పరికరం దొరుకుతుంది. బేస్ యాంప్లిఫయర్లు బరువైనవి కావడం వలన, పాతవి అమ్మేవారు తరచు ధర తగ్గిస్తారు. మోసే మనిషి, ఉంచే స్థలం ఉన్నవారికి ఇది లాభమే.

అన్ని భాగాలూ ఒకేలా పాతబడవు. మంచి చెక్క క్యాబినెట్, చిరగని స్పీకర్లు దశాబ్దాలు పనిచేస్తాయి. వాల్వులు, మీటలు, ఎలెక్ట్రొలైటిక్ కెపాసిటర్లు కాలక్రమేణా క్షీణిస్తాయి. పదిహేను ఇరవై ఏళ్ళు దాటిన పరికరంలో కెపాసిటర్లు మార్చవలసి వస్తుందని లెక్కలో వేసుకోవాలి. పాత వాల్వు, ట్రాన్సిస్టరు నమూనాలను స్థానిక మెకానిక్కులు బాగుచేయగలరు. క్లాస్-డి పరికరాలలో సూక్ష్మభాగాలు పలకకు అతికించి ఉంటాయి కనుక తరచు పలకనే మార్చవలసివస్తుంది. పలక దొరకకపోతే పరికరం మొత్తం వృథా. కాబట్టి వారంటీ ముగిసిన క్లాస్-డి హెడ్‌ను పాతగా కొనేటప్పుడు ధర బాగా తక్కువగా ఉండాలి.

పాత యాంప్లిఫయర్‌ను పరీక్షించే విధానం

అమ్మేవారి వద్దకు సొంత గిటారును, తీగను తీసుకువెళ్ళాలి. అలవాటైన వాద్యం అయితేనే యాంప్లిఫయర్ లోపం తెలుస్తుంది.

1. ఆన్ చేయకముందు విద్యుత్ తీగ, ప్లగ్గు, ఎర్త్ పిన్ను పరిశీలించాలి. కాలిన వాసన, తుప్పు, నీరు తగిలిన మచ్చలు, ఎలుకలు కొరికిన గుర్తులు ఉన్నాయేమో చూడాలి. కోస్తా జిల్లాలలో ఉప్పుగాలి వలన జాక్‌లు, స్పీకరు చట్రాలు తుప్పుపట్టడం సాధారణం.

2. శబ్దం సున్నాలో ఉంచి ఆన్ చేయాలి. స్వల్పమైన గాలి శబ్దం సహజం. గట్టి హమ్ వినిపిస్తే కెపాసిటర్లు లేదా ఎర్తింగ్ లోపించి ఉండవచ్చు.

3. ప్రతి మీటను చివరి నుండి చివరి వరకు తిప్పాలి. గరగర శబ్దం దుమ్ము వలన వస్తుంది, శుభ్రం చేస్తే పోతుంది. మధ్యలో ధ్వని పూర్తిగా ఆగిపోతే మీట మార్చాలి.

4. గిటారు తీగను జాక్‌లో మెల్లగా కదిపి చూడాలి. శబ్దం తెగుతూ ఉంటే జాక్ వదులైనట్లు.

5. 'ఇ' తీగను మీటి, స్వరాన్ని నిలిపి, శబ్దాన్ని క్రమంగా పెంచాలి. పటపట శబ్దం వస్తే ముందు పెట్టె స్క్రూలు, జాలీ వదులైనవేమో చూడాలి. అవి బిగువుగా ఉన్నా శబ్దం పోకపోతే స్పీకరులో లోపం ఉన్నట్లు.

6. ఆపివేసిన తరువాత వీలైతే జాలీ తీసి, శంకువును రెండు చేతుల వేళ్ళతో సమంగా, మృదువుగా లోపలికి నొక్కి వదలాలి. గీసుకునే శబ్దం వినిపిస్తే స్పీకరు చుట్ట వంకరపోయింది లేదా కాలింది.

7. మల్టీమీటరు ఉంటే, క్యాబినెట్‌ను యాంప్లిఫయర్ నుండి విడదీసి జాక్ వద్ద నిరోధం కొలవాలి. 8 ఓమ్‌ల క్యాబినెట్ సుమారు 6 ఓమ్‌లు, 4 ఓమ్‌లది సుమారు 3 ఓమ్‌లు చూపుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్లు నాలుగు ఉన్న 8 ఓమ్‌ల క్యాబినెట్ 12 ఓమ్‌లు చూపితే, ఒక స్పీకరు తెగిపోయి, దానితో శ్రేణిలో ఉన్న మరొకటి కూడా మూగబోయినట్లు అర్థం.

8. తార స్థాయిలకు చిన్న ట్వీటరు ఉంటే దగ్గరగా చెవి పెట్టి వినాలి. పాత క్యాబినెట్లలో ముందుగా పాడయ్యేది ఇదే.

9. కనీసం అరగంట వాయించాలి. కొన్ని లోపాలు వేడెక్కిన తరువాతనే బయటపడతాయి. అరగంట సమయం ఇవ్వడానికి ఇష్టపడని అమ్మకందారు వద్ద కొనకపోవడమే మంచిది.

పెట్టె విప్పి లోపలి భాగాలను ముట్టుకోరాదు. వాల్వు యాంప్లిఫయర్లలో 400 వోల్టులను మించిన విద్యుత్తు ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో అది నిలిచి ఉండి ప్రాణం తీయగలదు.

విదేశాల నుండి తెచ్చినవి

అమెరికాలో స్థిరపడిన తెలుగువారు స్వదేశానికి వచ్చేటప్పుడు వాద్యపరికరాలు తెచ్చుకోవడం లేదా బంధువులకు పంపడం కద్దు. అమెరికాలో విద్యుత్తు 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌లు. జపానులో 100 వోల్టులు. భారతదేశంలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లు. 120 వోల్టుల పరికరాన్ని ఇక్కడ నేరుగా తగిలిస్తే పాడవుతుంది. పరికరం వెనుక '100 నుండి 240' అని రాసి ఉంటే ప్లగ్గు మారిస్తే సరిపోతుంది. వోల్టేజి మార్చే మీట ఉంటే దానితోపాటు సూచించిన ఫ్యూజును కూడా మార్చాలి. ఈ రెండూ లేనప్పుడు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి. దాని సామర్థ్యం పరికరం వెనుక రాసిన వినియోగం కంటే కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. చౌక ట్రాన్స్‌ఫార్మర్లలో ఎర్త్ కలిపి ఉండదు, ఈ విషయాన్ని తప్పక పరీక్షింపజేయాలి. ఈ ఖర్చు, దాని బరువు కలుపుకుంటే విదేశీ పరికరం చౌకగా ఉండకపోవచ్చు.

విద్యుత్ భద్రత

గిటారు తీగలు జాక్ ద్వారా యాంప్లిఫయర్ లోహచట్రానికి కలిసి ఉంటాయి. చట్రానికి ఎర్త్ లేకుండా లోపల ఏదైనా తీగ తెగి తగిలితే, వాద్యకారుని చేతిలోని తీగలలోకి విద్యుత్తు వస్తుంది. అదే సమయంలో అతని పెదవులు వేరే ఎర్త్ ఉన్న మైకుకు తగిలితే ప్రవాహం శరీరం గుండా పోతుంది. స్టోన్ ది క్రోస్ బృందపు గిటారు వాద్యకారుడు లెస్ హార్వే 1972 మేలో వేల్స్‌లోని స్వాన్‌సీలో కచేరీ వేదికపై ఎర్తింగ్ లోపించిన మైకును తాకి విద్యుదాఘాతంతో మరణించాడు.

హమ్ శబ్దం తగ్గించడానికి ఎర్త్ పిన్ను విరవడం, రెండు పిన్నుల ప్లగ్గు వాడడం అక్కడక్కడ కనిపించే ప్రమాదకరమైన అలవాటు. అటువంటి ప్లగ్గు ఉన్న పాత పరికరాన్ని మూడు పిన్నుల ప్లగ్గు అమర్చిన తరువాతనే వాడాలి. మిక్సరుకు కలిపినపుడు హమ్ వస్తే డి.ఐ. పక్కన ఉండే 'గ్రౌండ్ లిఫ్ట్' మీటను వాడవచ్చు. అది సంకేతపు తీగలోని కలయికను మాత్రమే తొలగిస్తుంది, విద్యుత్ ఎర్త్‌ను ముట్టుకోదు. షామియానాల క్రింద, జనరేటరు మీద నడిచే వేదికలలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండేలా చూసుకోవాలి. వర్షం తడిసిన వేదికపై వాయించరాదు.

వినికిడి రక్షణ

85 డెసిబెల్‌ల శబ్దాన్ని రోజుకు 8 గంటలు మించి వినరాదని అమెరికా వృత్తిభద్రతా సంస్థ నియాష్ సూచిస్తుంది. ప్రతి 3 డెసిబెల్‌లకు ఈ వ్యవధి సగమవుతుంది. అనగా 100 డెసిబెల్‌ల వద్ద సురక్షిత కాలం పావుగంట మాత్రమే. డ్రమ్స్‌తో కలిసి సాధన చేసే గదిలో ఈ స్థాయి సులభంగా చేరుతుంది. యాంప్లిఫయర్‌ను నేలపై కాక కుర్చీ ఎత్తున, వాద్యకారుని చెవివైపు వంచి పెడితే తక్కువ శబ్దంతోనే స్పష్టంగా వినిపిస్తుంది. గది మూలలో పెడితే మంద్రస్వరాలు అతిగా పెరుగుతాయి. చెవులలో పెట్టుకునే రక్షణ బిరడాల ధర యాంప్లిఫయర్ ధరలో చాలా చిన్న భాగం. పోయిన వినికిడి మాత్రం ఎంత ఖర్చు పెట్టినా తిరిగి రాదు.